తీసి ఉంచిన బొంద

మావాళ్లను పూడ్చే బొందలగడ్డలో ఎప్పుడూ ఒక బొంద ఖాళీగా, తయారుగా ఉంటుంది. ఈ మాట చెబితే భూపాలపల్లిలో మా పక్కింటావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. ఇందులో జడుసుకోవాల్సిందేమీ లేదు. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక మా ఊళ్లో క్రైస్తవ వాడకు వదిలిపెట్టిన జాగా అది. నాగలి దిగదు కాబట్టే మాకు వదిలారు. జానెడు మట్టి తీస్తే కిందంతా బండ. మనిషి పోయాక కొట్టడం మొదలుపెడితే తెమలదు. మందు పెట్టి పేల్చేందుకు లేదు, చుట్టూ మావాళ్లే పడుకుని ఉన్నారు. అందుకని ఒకటి నిండిన వెంటనే ఇంకొకటి తీసి పెట్టుకుంటాం. ఇంటికో వంతు. ఎవరి కోసమని అడగకూడదు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో ఆ ఊసెత్తకూడదు. ఊళ్లో అందరూ "నీ బొంద" అని తిట్టుకుంటారు గానీ మా వాడలో ఆ తిట్టు వినపడదు. నోరు జారితే పెద్దవాళ్లు వీపు పగలగొడతారు.

పోయిన ఎండాకాలం ఆ వంతు మా ఇంటిదైంది.

మా బాపు డేవిడ్ కడీలు కొట్టే మనిషి. చుట్టుపక్కల పొలాల గట్ల మీద కంచెకు నిలబెట్టిన రాతి కడీల్లో ఎన్ని తన చేతివో ఆయనకే తెలియదు. వంతు ఎవరిదైనా, బండ మొండికేసిందంటే ఆయన్నే పిలుస్తారు. తయారు బొందకు కూడా ఆఖరున సవరింపులుంటాయి. శవపేటిక పట్టలేదనో, అంచు పొడుచుకొచ్చిందనో కబురొస్తుంది. వాడలో ఎవరు పోయినా, అందరూ శవం చుట్టూ చేరి ఏడుస్తుంటే మా బాపు బొందలగడ్డ మీద సమ్మెట పట్టుకుని ఉండేవాడు. తన తల్లి పోయిన రోజు కూడా అంతే. అలాంటి మనిషికి ఒక బొంద తీయడం పెద్ద పని కాదు. మాఘమాసం చలి తగ్గగానే మొదలుపెట్టి మోకాలి లోతు దించాడు. సరిగ్గా అప్పుడే అవ్వను దవాఖాన నుంచి ఇంటికి పంపించారు.

అవ్వ అంటే మా అమ్మ, బుచ్చమ్మ. కాలేయం పాడైపోయింది, చేసేదేమీ లేదన్నారు. "ఇంట్లోనే ఉంచుకోండి, ఏది తింటానంటే అది పెట్టండి" అన్నారు. అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు కదా. మా ఆయన సుభాష్‌ది బొగ్గుబావిలో కొలువు, సెలవు దొరకదు. పిల్లల్ని అత్తమ్మకు అప్పగించి నేనొక్కదాన్నే బస్సెక్కి వచ్చాను. నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు. నిజమే. ఏడుపొస్తే ఏడవను, ఎవరో ఒకరి మీద అరుస్తాను. ఆ ఎండాకాలమంతా అరుస్తూనే ఉన్నాను.

మొదట్లో బాపు మీద అరిచాను. పొద్దున్నే ఉలులు మూటగట్టుకుని బొందలగడ్డకు పోతాడు, మధ్యాహ్నం నేను అన్నం తీసుకుపోతే బొంద నిన్న ఎంత ఉందో అంతే ఉంటుంది. ఆయన గట్టు నీడన కూర్చుని, పదునుగా ఉన్న ఉలినే మళ్లీ పదును పెడుతుంటాడు.

"ఏంది బాపూ, పొద్దంత గిదేనా పని?"

"మొన మొద్దువారింది బిడ్డా."

"నిన్న గదే అంటివి."

"నిన్నటిది వేరే ఉలి."

ఇంకోరోజు సమ్మెట కర్ర వదులైందన్నాడు. మరోరోజు కట్టెలు పేర్చి బండ మీద మంట పెట్టాడు. బండ బాగా వేడెక్కాక నీళ్లు చల్లితే చిట్లుతుంది, ఆ తర్వాత ఉలి సులువుగా దిగుతుంది. మంట పెట్టాడు గానీ నీళ్లు చల్లలేదు. మంట దానంతటదే ఆరిపోయేదాకా చూస్తూ కూర్చుని ఇంటికి వచ్చేశాడు. ముసలితనం వచ్చిందనుకున్నాను నేను, ఎండకు తట్టుకోలేకపోతున్నాడనుకున్నాను.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఒక పిల్లను ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. నెత్తిన టోపీ, భుజాన బరువైన సంచీ, నడుముకు సుత్తి. మొహమంతా చెమట.

"ఈ మేడం రాళ్ల చదువు చదువుతున్నదట కల్పనా. జర సల్ల నీళ్లియ్యి."

"మేడం అనకున్రి కాకా. మహీన్ అనున్రి చాలు," అంది ఆ పిల్ల. మానుకోట పిల్ల. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఘన్‌పూర్‌లో గది తీసుకుని స్కూటీ మీద గుట్టలూ బండలూ తిరుగుతోంది. మా బొందలగడ్డ పక్కన పోతుంటే బాపు కొట్టిపడేసిన రాతిముక్కలు కనపడి ఆగిందట.

లోపల మంచం మీద మనిషి మూలుగుతుంటే ఈయనకు రాళ్ల చుట్టాలు కావాల్సొచ్చారా అనిపించింది నాకు. చెంబు ఠంగున పెట్టి లోపలికి పోయాను. ఆ పిల్ల నీళ్లు తాగి, చెంబు కడిగి బోర్లించి పోయింది.

మర్నాడు అన్నం తీసుకుపోయేసరికి ఆమె బొందలోకి దిగి ఉంది! నాకు ఒళ్లు మండింది. మా వాడలో తీసే మనిషి తప్ప ఇంకెవరూ, అందులోనూ ఆడమనిషి, తయారవుతున్న బొందలో కాలు పెట్టకూడదు.

"పైకి రా ముందు," అన్నాను.

గబగబా ఎక్కి వచ్చింది. "తప్పయింది అక్కా. నాకు తెల్వదు. కాకే దిగమన్నరు."

"నేనే దిగమన్న," అన్నాడు బాపు. "ఆ పిల్ల ఏం చెప్తదో ఇను. గమ్మతుంటది."

బాపు నోట గమ్మత్తు అన్న మాట విని ఎన్నాళ్లైందో. అందుకే నోరు మూసుకుని గట్టు మీద కూర్చున్నాను.

మహీన్ గట్టు మీద బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి బొంద గోడను చూపించింది. తెల్ల చార, నల్ల చార, మళ్లీ తెల్ల చార. వరసగా పోయిన చారలు ఒకచోట మెలిక తిరిగి వెనక్కి మళ్లాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న రాయే. మా ఇంటి గడపదీ అదే, బట్టలుతికే బండదీ అదే. ఎన్నడూ తేరిపార చూసింది లేదు.

"పైనున్నది ఎండకు వానకు మాగిపోయింది అక్కా, నాకు పనికిరాదు. కాక కొట్టిన కాడ తాజాగున్నది. ఈ నల్ల చారల సూడు."

దాంట్లో ఎర్రటి పలుకులున్నాయి, దానిమ్మ గింజల్లా.

"గిది ఒకప్పుడు బురద," అంది.

"బండ బురదెట్లయితది?"

"బురదే బండయింది. నీళ్ల అడుగున పేరుకున్న బురద. దాని మీద ఇంకింత పడ్డది, పక్కలనుంచి భూమి ముక్కలు వచ్చి గుద్దుకున్నయి. గా నడుమ చిక్కి ఇది కిందికి పోయింది. ఎంత కిందికంటె, ఈన్నుంచి జనగామ ఎంత దూరమో, గంత లోపలికి."

బాపు జనగామ వైపు చూశాడు, తర్వాత బొందలోకి చూశాడు.

"అక్కడ వేడికి కరిగీ కరగక, బరువుకు నలిగి, గిట్ల చారలు పడ్డది. ఈ ఎర్ర గింజలు అప్పుడు పుట్టినయి. బురదల ఇవి లెవ్వు. ఒక్కో గింజను కోసి సూస్తె నడిమిట్ల ఒక తీరు ఉంటది, అంచుకు ఒక తీరు. ఎంత లోతుకు పోయింది, ఎంత వేడి తిన్నది, ఎట్ల తిరిగొచ్చింది, అంతా అండ్లనే ఉంటది. ఇంకా చిన్నయి ఉంటయి, కండ్లకు కనపడయి. వయసు వాటికాడ ఉంటది."

"ఎంతుంటదమ్మా వయసు?" బాపు అడిగాడు.

"రెండు వందల యాభై కోట్ల ఏండ్లు ఉండొచ్చు కాకా. లెక్క ల్యాబుల తేలాలె."

బాపు లెక్క కట్టబోయి మానుకున్నాడు.

"మనం నిలబడ్డ ఈ గడ్డ ఒక్కపారే కాలేదు," అంది మహీన్. "ముక్కకు ముక్క అతికి అయింది. అప్పుడు సూసినోళ్లు ఎవ్వరు లేరు. చెట్టు లేదు, పురుగు లేదు. ఎప్పుడు అతికిందో, ఎంత నలిగిందో చెప్తానికి గీ రాళ్లే ఉన్నయి."

నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది. అన్నం గిన్నె చేతిలోనే ఉంది, ఇవ్వడం మర్చిపోయాను.

అప్పటి నుంచి మహీన్ రాని రోజు లేదు. బాపు హుషారుగా బయల్దేరేవాడు. బొందలో ఆమె చూడాల్సిన చార ఉంది, కొడితే పాడవుతుందనేవాడు. ఒక పక్క గోడను ముట్టుకోలేదు. ఒక మూల గోనెసంచీ కప్పి పెట్టాడు. సాయంత్రం ఇంటికొచ్చి అవ్వ మంచం పక్కన కూర్చుని, ఆ పిల్ల చెప్పినదంతా తన మాటల్లో చెప్పేవాడు. అవ్వ కళ్లు మూసుకుని వినేది. కడుపు ఉబ్బిపోయి, చేతులు పుల్లల్లా అయిపోయాయి ఆమెకు. వింటోందో నిద్రపోతోందో నాకు తెలిసేది కాదు.

ఈస్టర్ వచ్చింది. తెల్లవారకముందే వాడంతా బొందలగడ్డకు చేరింది. ముందు రోజే సమాధులకు సున్నాలు వేశారు. కొవ్వొత్తులు, పూలు, పిల్లల అల్లరి. పాస్టరుగారి ప్రార్థన అయ్యేసరికి వెలుతురొచ్చింది, మా వంతు బొంద అందరికీ కనబడింది. నడుము లోతు కూడా లేదు.

సంఘం పెద్ద రాజలింగం బాపు దగ్గరికి వచ్చాడు. మంచివాడే, మాట మెత్తన.

"డేవిడన్నా, ఇంకా గింతనే ఉన్నదేంది? ఎండలు ముదురుతున్నయి."

"పరిశోధన నడుస్తున్నదే రాజలింగం. గవర్నమెంటు పరిశోధన. నడుమ కొడ్తె పాడైతది."

"పరిశోధన మంచిదే. కని ఎవరికన్న ఏమన్న అయితె..." అని, నన్ను చూసి నాలిక కరుచుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పోనీ నేను తీపిస్తనే అన్నా. నువ్వు ఇంటికాడ వదినను సూసుకో. వంతుదేమున్నది."

బాపు ఒక్కసారిగా లేచాడు. "నా వంతు నేనే తీస్త! ఎవ్వడు చెయ్యి పెట్టొద్దు. ఎవ్వడన్న సమ్మెట పట్టుకొని ఇటు వచ్చిండంటె మంచిగుండదు!"

కొవ్వొత్తులు ముట్టించే వాళ్లంతా ఇటు తిరిగారు. రాజలింగం తల వంచుకుని పోయాడు. నా బుర్రలో ఈయనకు ఎండదెబ్బ తగిలిందా అన్న మాటే మెదులుతోంది. అంత మొద్దును నేను.

ఆ మధ్యాహ్నం మహీన్ ఒక్కతే ఇంటికి వచ్చింది. అవ్వకు ద్రాక్షలు తెచ్చింది. వాకిట్లో నిలబడి చాలాసేపు ఏదో చెప్పాలా వద్దా అని ఊగిసలాడింది.

"అక్కా, నా పని ఎప్పుడో అయిపోయింది," అంది చివరకు. "నాకు కావాల్సిన ముక్కలు మొదట్లనే తీసుకున్న. కాకే రోజు ఫోను చేస్తున్నరు, కొత్త చార తేలింది రమ్మని. వచ్చి సూస్తె పాతదే ఉంటది. ఎన్నిసార్లు చెప్పినా మళ్ల మొదటికెళ్లి చెప్పమంటరు."

"మరెందుకొస్తున్నవ్?"

"ఎట్ల మానుడు అక్కా? నేను పోతనంటె ఆయన మొఖం సూడాలె. బుగులైతది నాకు."

అప్పుడు వెలిగింది నాకు. చెప్పులు కూడా వేసుకోకుండా బొందలగడ్డకు పోయాను. బాపు గోనెసంచీ సర్దుతున్నాడు.

"ఎన్నొద్దులు గీ ఆట?" అన్నాను. "ఆ పిల్లకు పని లేదంట. నీకే ఉన్నది పని."

ఆయన దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. చూసి, బొంద అంచున కూలబడ్డాడు.

"ఇది అయిపోయినంక ఇంకేమున్నదే బిడ్డా?" అన్నాడు. "తయారైన బొంద ఊకె ఉండదు. నా బతుకంత సూసిన, ఎన్నడు ఊకె ఉండలేదు. మీ అవ్వ మంచంల ఉండంగ, ఆమె జాగ నా చేతులతోటి నేనే కొట్టాల్నా? సమ్మెట లేపుతె దిగుతలేదు. ఆ పిల్ల చెప్తుంటె అన్ని కోట్ల ఏండ్లని, నాకు జర నిమ్మలమైతది. అన్ని కోట్ల ఏండ్లల్ల ఇంకో నెల ఆగరాదా ఇది?"

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అరవడానికి నాకు ఎవరూ మిగల్లేదు ఆ రోజు.

ఇంటికొచ్చి మొహం కడుక్కుని అవ్వకు గంజి పట్టుకుపోయాను. తాగలేదు. పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"మీ బాపు సమ్మెట చప్పుడు ఇనపడక ఎన్నొద్దులాయెనే?"

గిన్నె కింద పెట్టేశాను. ఆ ఊసు ఎత్తకూడదని వాడంతా జాగ్రత్త పడుతోంది. ఆమె మంచంలో పడుకుని వింటూనే ఉంది ఇన్నాళ్లూ! మా ఇంటికి ఆ చప్పుడు స్పష్టంగా వినబడుతుందని నాకు తట్టలేదు.

"నన్ను ఆడికి తీస్కపో," అంది.

"ఏడికి?"

"ఏడికంటె? మీ బాపు కాడికి."

వద్దన్నాను. తిట్టాను. మంచంలో ఉన్న మనిషి బొంద చూడకూడదన్నాను. "గవన్ని నాకు తెల్వదా? నేనేమన్న కొత్త కోడల్నా?" అంది. ఆమె పట్టు ముందు నా నోరు ఏపాటిది. మర్నాడు తండాలో ఆటో తోలే తావుర్యాను రమ్మన్నాను. పరుపు వేసి, రెండు దిండ్లు ఆనించి కూర్చోబెట్టాం. తావుర్యా ఆ రాళ్ల దారిలో ఆటోను మనిషి నడకంత మెల్లగా పోనిచ్చాడు. రాళ్లు అడ్డమొచ్చినప్పుడల్లా దిగి, ఏరి పక్కన పెట్టి మళ్లీ ఎక్కాడు.

మమ్మల్ని చూసి బాపు పరుగెత్తుకొచ్చాడు. "నీకు బుద్దున్నదా? ఎవలు తెమ్మన్నరు ఈమెను?" అని నా మీద పడ్డాడు. మహీన్ కూడా అక్కడే ఉంది, పక్కకు తప్పుకుంది.

"అరువకయ్యా. నేనే తెమ్మన్న," అంది అవ్వ. "నన్ను దించున్రి."

ఆయన భుజం ఒకపక్క, నా భుజం ఒకపక్క. బొంద గట్టు మీది బండపై కూర్చోబెట్టాం. అవ్వ వంగి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మహీన్‌ను పిలిచింది.

"ఏది బిడ్డా, మా ఆయనకు చెప్పినయి జర నాకు చెప్పు."

మహీన్ బాపు వైపు చూసింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆ పిల్ల అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని బురద దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. అవ్వ మధ్యలో అడిగింది.

"అంత లోపలికి పోయింది మళ్ల పైకెట్ల వచ్చింది?"

"పైనున్న గుట్టలు అరిగిపోయినయి అవ్వా. వానలకు, గాలికి. పైబరువు తగ్గేకొద్ది ఇది లేసుకుంట వచ్చింది."

"చానొద్దులు పట్టిందా?"

"చాన. గదే ఇంకా తెల్వాలె నాకు."

మొన్న చలికాలంలో మహీన్ ఫోన్ చేసింది. ఆ గింజలు ఒక్కసారి కాదు, రెండుసార్లు వేడి తిన్నాయట. ఒకసారి నలిగి, కుదుటపడి, కోట్ల ఏళ్ల తర్వాత మళ్లీ నలిగిందట మా బండ. ఈ మాట అవ్వకు చెప్పడానికి లేకపోయింది.

ఆ రోజు మాత్రం అవ్వ తల ఊపి, బాపును దగ్గరికి రమ్మంది. ఆయన రాలేదు. అక్కడి నుంచే అడిగింది.

"పెద్దోడు పోయిన్నాడు నువ్వేడున్నవయ్యా?"

నాకంటే ముందు ఒక పిల్లాడు పుట్టి పోయాడని నాకు తెలుసు. అంతే తెలుసు. మా ఇంట్లో వాడి మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

బాపు నేల చూస్తున్నాడు.

"ఈడనే ఉన్నవ్," అంది అవ్వ. "అది ఊరంత జరాలొచ్చిన కాలం. తయారున్న బొంద ఎవరికో పోయింది. పొద్దుగాల గడ్డపార పట్టుకొని పోయినోనివి పొద్దుగూకినంక వచ్చినవ్. పిలగాడు నా ఒళ్లె ఉన్నడు. నేనొక్కదాన్నే కూసున్న. నీ సమ్మెట చప్పుడు ఇనుకుంట కూసున్న."

"బుచ్చమ్మా..."

"నిన్ను అంటలేనయ్యా. నువ్వు కొట్టకపోతె ఎవలు కొడుదురు? కని నాకు మళ్ల గట్ల వద్దు. నేను పోయిన్నాడు నువ్వు ఈడ ఉండద్దు. నా కాడ కూసోవాలె. ఇప్పుడే కొట్టి పెట్టు. నేను పోయినంక సవరించుడు లేకుంట, జర ఎడల్పుగనే కొట్టు."

దూరంగా తావుర్యా ఆటో మీద వాలి ఇటు చూడకుండా నిలబడ్డాడు. బాపు వచ్చి అవ్వ ముందు కూర్చున్నాడు, ఆమె పాదం పట్టుకున్నాడు. కాసేపటికి లేచి గోనెసంచీ తీసి అవతల పారేశాడు. బొందలోకి దిగాడు. మొదటి దెబ్బ పడింది. నల్ల చార మీదే పడింది. మహీన్ చూపు తిప్పుకోలేదు.

అవ్వ కాసేపు విని, "ఇగ పోదాం," అంది.

ఆ తర్వాత బాపు ఆగలేదు. ఎండ ముదరకముందే పోయేవాడు, పొద్దు వాలేదాకా కొట్టేవాడు. సమ్మెట చప్పుడు వినబడుతున్నంతసేపూ అవ్వ నిమ్మళంగా పడుకునేది. ఆగితే కళ్లు తెరిచేది. నీళ్లు తాగుతున్నాడేమో అనేదాన్ని నేను. మళ్లీ మొదలయ్యేది. ఆ చప్పుడు వినలేక నేను వంటింట్లో గిన్నెలు కావాలని గట్టిగా కడిగేదాన్ని. ఒక్కో దెబ్బా ఆమెను మా నుంచి అటు జరుపుతోందని నాకు అనిపించేది. ఆమెకు మాత్రం అది ఊరటగా ఉంది, ఏం చెప్పను!

ఛాతీ లోతు దిగి, అడుగు చదును చేసిన రోజు కబురు పంపాడు. బొంద తీసిన మనిషి తనంతట తాను ఎక్కి రాకూడదు, ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగాలి. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. ఘన్‌పూర్ గది ఖాళీ చేసి పోతూ చెప్పిపోదామని వచ్చిన మహీన్ ఇంకో చెయ్యి పట్టుకుంది. ఆయన అరచేతులు పగిలి రక్తం గడ్డకట్టి ఉన్నాయి. గుడిసె కప్పే తాటికమ్మలు తెచ్చి బొంద మీద కప్పాం, మేకలు పడకుండా.

అక్కడి నుంచి బాపు మంచం పక్కన్నుంచి కదల్లేదు. విసనకర్ర విసిరేవాడు, నోట్లో నీళ్ల చుక్కలు వేసేవాడు. ఇద్దరూ అలా ఉండిపోయేవాళ్లు. నేను తొందరగా బయటికి వచ్చేసేదాన్ని.

వానలు తెచ్చే మిరుగు కార్తె ఇంకా రాలేదు. ఆకాశానికి మొగులు మాత్రం పట్టింది. ఆ పొద్దున అవ్వ పోయింది. నిద్రలోనే పోయింది, అంత మేలు జరిగింది.

గడ్డపారలు భుజాన వేసుకుని కుర్రాళ్లు నలుగురైదుగురు వాకిట్లోకి వచ్చారు. అలవాటు అది. రాజలింగం వాళ్లను బయటే ఆపాడు. "పోన్రి. పని లేదు. అన్న అంత చేసి పెట్టిండు," అన్నాడు. వాళ్లు గడ్డపారలు ఎక్కడ పెట్టాలో తెలియక గోడకు ఆనించారు.

బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొందలగడ్డ వైపు చూశాడు, చేతుల వైపు చూసుకున్నాడు.

"ఏం చెయ్యాలె బిడ్డా?" అని అడిగాడు నన్ను.

"ఏం లేదు బాపూ. కూసో."

"ఏడ?"

అరవై దాటిన మనిషి. వాడలో ఎందరినో సాగనంపాడు. పోయిన మనిషి పక్కన ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలియదు. అవ్వ తల దగ్గర చాప జరిపి, చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

కూర్చున్నాడు. పాటలు పాడారు, పాస్టరుగారు వాక్యం చదివారు, చుట్టాలు వచ్చి ఆయన్ని పట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడవలేదు. ఈగలు తోలుతూ, జరిగిన చీర అంచు సర్దుతూ, ఎవరైనా లెమ్మంటే తల అడ్డంగా ఊపుతూ అక్కడే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. ఒకసారి కాలు తిమ్మిరెక్కితే నన్ను పట్టుకుని లేచి, అక్కడే నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. మహీన్ మానుకోట నుంచి వచ్చింది. ఆడవాళ్ల వెనక గోడకు చేరగిలబడి కూర్చుంది.

పొద్దు తిరిగాక పెట్టె తెచ్చారు. ఆఖరిసారి చూసేవాళ్లు చూడండి అన్నాడు రాజలింగం. బాపు అవ్వ చెవి దగ్గరికి వంగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"బుచ్చమ్మా, ఆ పొద్దు పిలగాన్ని పట్టుకొని పొద్దంత ఏం చేసినవే?"

అడిగి ఆగాడు. నిజంగానే జవాబు కోసం ఆగాడు. తర్వాత తలెత్తి, నాకేమైనా తెలుసేమో అన్నట్టు నా వైపు చూశాడు. అప్పటికి నేనింకా పుట్టలేదు.